గంట ఎవరు కొట్టాలి?



ఒక ఆదివారం పూజ అయ్యాక, జనమంతా వెళ్ళిపోయేదాకా ఆగి, ఒక తండ్రి తన కొడుకును వెంటబెట్టుకుని నా గదికి వచ్చాడు. తండ్రిది సెంట్రింగ్ పని. కొడుకు ఇంజనీరింగ్ రెండో సంవత్సరం. కూర్చోమన్నా తండ్రి కూర్చోలేదు. "మొదటి సంవత్సరంలో ఐదు సబ్జెక్టులు పోయాయండి ఫాదర్ గారూ. ఇప్పుడు కాలేజీకే వెళ్ళనంటున్నాడు. మీరైనా నాలుగు మంచి మాటలు చెప్పండి" అన్నాడు.

అబ్బాయి చాలాసేపు తల వంచుకుని ఉండి, చివరికి ఒక్క మాట అన్నాడు. "నాకు చదువు రాదు ఫాదర్."

ఆ మాట నాకు వింతగా తోచింది. ఇంటర్మీడియెట్‌లో వీడికి 1000 మార్కులకు 940 పైచిలుకు వచ్చాయి. ఆ రోజు గుడి ముందు నిలబడి అందరికీ లడ్డూలు పంచింది ఈ తండ్రే. ఆ చదువంతా రెండేళ్ళలో ఎక్కడికి పోయింది?

"ఇంటర్‌లో ఎలా చదివేవాడివిరా?" అని అడిగాను. చెప్పుకొచ్చాడు. హాస్టల్లో తెల్లవారుజామున 5 గంటలకు లేపేవారు. స్నానం, స్టడీ అవర్, టిఫిన్, క్లాసులు, మళ్ళీ స్టడీ అవర్, భోజనం, మళ్ళీ స్టడీ అవర్, రాత్రి 10 దాటాక పడక. వారం వారం పరీక్ష. చేతిలో ఫోన్ లేదు. పక్కన ఎప్పుడూ ఒక వార్డెన్.

"మరి ఇప్పుడు?"

"ఇప్పుడు ఎవరూ లేపరు ఫాదర్."

వాడు అమాయకంగానే అన్నాడు గాని, ఆ మాట నన్ను చాలా రోజులు వదల్లేదు. మన తెలుగు ఊళ్ళలో వందల కుటుంబాల కథ ఆ ఒక్క మాటలో ఉంది. పదహారు, పదిహేడేళ్ళ వయసులో రోజుకు పన్నెండు గంటలు పుస్తకం ముందు కూర్చున్న పిల్లవాడు పద్దెనిమిది నిండాక ఒక్క గంట కూర్చోలేకపోతున్నాడు. వాడి తెలివి తగ్గలేదు, పుస్తకాలు కొనిచ్చాం, సమయం కావలసినంత ఉంది. లేనిది ఒక్కటే, గంట కొట్టేవాడు. అందుకే ఈ వారం ఒక ప్రశ్న మీ ముందు పెడుతున్నాను. రెండేళ్ళపాటు రోజూ చేసిన పని అలవాటుగా ఎందుకు మారలేదు? అసలు అలవాటు అంటే ఏమిటి?

అలవాటు వేరు, అభ్యాసం వేరు

మన భాషలో చదువుకు 'విద్యాభ్యాసం' అని పేరు. అభ్యాసం అనే మాట చదువులోనే ఇమిడి ఉంది. వాడుకలో అలవాటు అంటే దానంతటది పట్టుకునేది కూడా. కాఫీ అలవాటు, చుట్ట అలవాటు అలాంటివే. అభ్యాసం దానంతటది పట్టుకోదు, మనిషి చేయాలి. పతంజలి యోగసూత్రాలలో అభ్యాసం గట్టిపడడానికి మూడు షరతులు చెప్పాడు. అది చాలాకాలం సాగాలి, మధ్యలో తెగకుండా సాగాలి, ఆదరంతో సాగాలి. మన విద్యార్థులు మొదటి రెండూ నెరవేర్చారు. మూడోది, ఆ ఆదరం, వారి దగ్గర ఎవరూ అడగలేదు.

గ్రీకు తత్వవేత్త అరిస్టాటిల్ నీతిశాస్త్రంలో ఇదే విషయాన్ని మరోవైపు నుంచి చూశాడు. ఇల్లు కడుతూ కడుతూ మనిషి మేస్త్రీ అవుతాడు, వీణ వాయిస్తూ వైణికుడవుతాడు, న్యాయమైన పనులు చేస్తూ న్యాయవంతుడవుతాడు అన్నాడు. కాని వెంటనే ఒక హెచ్చరిక చేశాడు. పని బయటికి సరిగా కనబడితే చాలదు. చేసేవాడు తెలిసి చేయాలి, ఆ పనిని దాని కోసమే ఎంచుకుని చేయాలి, స్థిరమైన మనసుతో చేయాలి. లేకపోతే అది సద్గుణం కాదు, సద్గుణానికి పైపోలిక మాత్రమే.

పదమూడవ శతాబ్దంలో పునీత తోమాస్ అక్వీనాస్ గారు దీన్ని ఇంకా స్పష్టం చేశారు. లాటిన్‌లో ఆయన వాడిన మాట 'హాబితుస్'. మనం దాన్ని అలవాటు అని తర్జుమా చేస్తాం గాని, ఆయన ఉద్దేశంలో అది మనిషి తాను కోరుకున్నప్పుడు వాడుకోగల శక్తి. ఈత వచ్చినవాడు ఏ చెరువులో దిగినా ఈదగలడు. నడుముకు తాడు కట్టి ఒడ్డునుంచి ఎవరో పట్టుకుంటే తేలేవాడికి ఈత వచ్చిందని చెప్పలేం. తాడు పట్టుకున్నంతసేపూ ఇద్దరూ ఒకేలా కనబడతారు. తాడు వదిలాకే తేడా తెలుస్తుంది.

మన పిల్లలకు జరిగింది అదే. వారు చేసింది కష్టం కాదని నేననను. చాలా కష్టపడ్డారు. కాని ఆ కష్టంలో ఎన్నిక వారిది కాదు. ఎప్పుడు లేవాలి, ఏ పుస్తకం తీయాలి, ఎప్పుడు మూయాలి అన్నవన్నీ ఇంకొకరు నిర్ణయించారు. రెండేళ్ళలో ఒక్కసారి కూడా 'ఇప్పుడు నేను చదవాలనుకుంటున్నాను' అని తనకు తాను చెప్పుకుని పుస్తకం తీసే అవకాశం రాలేదు. సబ్జెక్టు నేర్చుకున్నారు గాని చదువుకోవడం నేర్చుకోలేదు.

నా సంగతి

ఇది పిల్లల తప్పుగా మాత్రమే చెబితే నేను అబద్ధమాడినవాడినవుతాను. నేను కూడా గంట కొట్టగా చదివినవాడినే.

పెద్ద గురువిద్యాలయంలో తత్వశాస్త్రం చదివే రోజుల్లో మా జీవితమంతా గంట మీద నడిచేది. లేవడానికి గంట, ప్రార్థనకు గంట, చదువుకు గంట, చివరికి మౌనానికి కూడా గంట. ఆ గంటల నడుమ నేను బాగా చదివాను. మార్కులు వచ్చాయి. నేను శ్రద్ధగల విద్యార్థినని అందరూ అన్నారు, నేనూ నమ్మాను.

గురుపట్టం పొంది ఒక పల్లెలో సహాయ గురువుగా ఉన్నప్పుడు దూరవిద్యలో ఎం.ఏ.కు కట్టాను. పుస్తకాల పార్శిలు వచ్చింది. అట్టపెట్టె విప్పి, పుస్తకాలు వరుసగా బల్లమీద పేర్చి, మొదటి పేజీలో పేరు రాసుకున్నాను. అంతే. పరీక్షలకు నెల ముందుదాకా వాటిని దుమ్ము దులపడానికి తప్ప ముట్టుకోలేదు. మొదటి ఏడు రెండు పేపర్లు పోయాయి. ఎవరైనా అడిగితే పెళ్ళిళ్ళు, సమాధులు, పండుగలు అని చెప్పేవాణ్ణి. నిజం వేరు. రాత్రి 8 నుంచి 10 వరకు నాకు ఏ పనీ ఉండేది కాదు. ఆ రెండు గంటలూ టీవీ ముందు గడిచిపోయేవి.

ఆ ఊళ్ళో రిటైరైన ఒక మాస్టారు ఉండేవారు. నా బాధ విని నవ్వి, "ఊరందరికీ గంట కొట్టించేది మీరు. మరి మీకెవరు కొడతారు ఫాదర్ గారూ?" అన్నారు. ఆ మాటకు నాకు కోపం వచ్చింది. రాత్రి పడుకున్నాక సిగ్గు వేసింది. మరుసటి రోజు నుంచి సాయంత్రం ప్రార్థన గంట కాగానే అరగంటసేపు పుస్తకం పట్టుకున్నాను. అరగంటే. ఏడాది తర్వాత పోయిన పేపర్లతో సహా గట్టెక్కాను. తెలివి పెరిగి కాదు, గంటకూ పుస్తకానికీ మధ్య ఒక ముడి నేనే వేసుకున్నందువల్ల.

మధ్యాహ్నపు దయ్యం

"చదవకపోవడం పాపమా ఫాదర్?" అని ఆ అబ్బాయి అడిగాడు. కుర్రవాడు అడిగినా పెద్ద ప్రశ్నే. దానికి సమాధానం చెప్పేముందు పదహారు శతాబ్దాల వెనక్కి వెళ్ళాలి.

నాల్గవ శతాబ్దంలో ఐగుప్తు ఎడారిలో ఎవాగ్రియుస్ అనే సన్యాసి ఉండేవాడు. క్రీ.శ. 399లో మరణించాడు. ఒంటరిగా గదిలో కూర్చున్న సన్యాసులకు పట్టే ఒక జాడ్యాన్ని ఆయన వర్ణించాడు. దానికి 'అసీదియా' అని పేరు, 'మధ్యాహ్నపు దయ్యం' అని కూడా పిలిచేవారు. అది పట్టినవాడికి సూర్యుడు కదలనట్టు, పగలు యాభై గంటలున్నట్టు తోస్తుంది. మాటిమాటికీ కిటికీలోంచి చూస్తాడు. గదిలోంచి బయటికి వచ్చి భోజనవేళ అయిందా అని పొద్దు చూస్తాడు. ఎవరైనా పలకరించడానికి వస్తున్నారేమోనని అటూ ఇటూ చూస్తాడు. తానున్న చోటు మీద, చేస్తున్న పని మీద రోత పుడుతుంది. ఇంకెక్కడికైనా వెళ్తే బాగుపడతానేమో అనిపిస్తుంది.

ఇది చదివినప్పుడల్లా నాకు మన కాలేజీ కుర్రవాడే గుర్తొస్తాడు. కిటికీ బదులు ఫోన్ చూస్తాడు, పొద్దు బదులు వాట్సాప్ చూస్తాడు. ఐదు నిమిషాలకోసారి ఎవరైనా పలకరించారేమోనని చేయి అటే పోతుంది. ఈ బ్రాంచి నాకు సరిపోదు, ఈ కాలేజీ మంచిది కాదు, ఇంకో కోర్సులో చేరితే బాగుండును అని మనసు చెబుతుంది. సెల్‌ఫోను కొత్తదే గాని ఆ దయ్యం పాతదే.

తోమాస్ అక్వీనాస్ గారు ఈ అసీదియాను బద్ధకం అనలేదు, ఒక రకమైన దుఃఖం అన్నారు. మంచిదని తెలిసిన దాన్ని చూసి కలిగే దిగులు అది. ఈ తేడా చిన్నది కాదు. బద్ధకస్తుడికి పడుకుంటే సుఖంగా ఉంటుంది. మన కుర్రవాడికి పడుకున్నా సుఖం లేదు. చదవకుండా గడిపిన ప్రతి రోజూ మరుసటి రోజు పుస్తకాన్ని ఇంకా బరువు చేస్తుంది. బరువు చూసి దిగులు, దిగులు మరిచిపోవడానికి ఫోన్, ఫోన్ వల్ల ఇంకొంత బరువు. ఈ చక్రంలో తిరిగేవాణ్ణి 'సోమరిపోతు' అని తిడితే వాడి దిగులు పెరుగుతుందే గాని చదువు పెరగదు.

కనుక ఆ అబ్బాయికి నేను చెప్పిన జవాబు ఇది. "పరీక్ష తప్పడం పాపం కాదు. పాఠం త్వరగా ఎక్కకపోవడం పాపం కాదు. కాని నువ్వు చేయగలిగింది, చేయవలసింది కళ్ళముందుండగా రోజూ తెలిసి తెలిసి పక్కకు తోసేస్తే, దానికి బాధ్యత నీదే. నిన్నటిదాకా నీకు స్వేచ్ఛ లేదు కనుక బాధ్యతా తక్కువే. ఇప్పుడు స్వేచ్ఛ వచ్చింది. దాన్ని నువ్వు మోయాలి."

ఇక్కడ ఒక జాగ్రత్త. వారాల తరబడి నిద్ర పట్టక, తిండి సహించక, బతుకు మీదే ఆశ పోయినట్టు మాట్లాడే పిల్లవాడి విషయం అలవాట్లతో తేలేది కాదు. అలాంటి బిడ్డను తిట్టకండి, ఒంటరిగా వదలకండి, వెంటనే వైద్యుడి దగ్గరికి తీసుకువెళ్ళండి. జ్వరం వస్తే సిగ్గుపడం కదా, దీనికీ సిగ్గు అక్కరలేదు.

రెండు వైపులా పని

చదువుపట్ల సరైన శ్రద్ధకు అక్వీనాస్ గారు 'స్తుదియోసితాస్' అని పేరు పెట్టి దాన్ని ఒక సద్గుణంగా లెక్కించారు. ఆశ్చర్యమేమంటే, ఆయన దాన్ని బుద్ధికి సంబంధించిన గుణాలలో కాక మితత్వం కింద చేర్చారు. తిండిలో, తాగుడులో హద్దు ఎలా ఉండాలో తెలుసుకోవడంలోనూ హద్దు ఉండాలన్నమాట. మనిషిలో రెండు గుంజులాటలున్నాయని ఆయన గమనించారు. మనసు కనబడినదల్లా తెలుసుకోవాలని పరుగెడుతుంది, దానికి కళ్ళెం వేయాలి. శరీరం శ్రమనుంచి వెనక్కి జారుతుంది, దానికి ఊతం ఇవ్వాలి. ఫోన్ చూసే కుతూహలానికి కళ్ళెం, పుస్తకం తీయని ఒంటికి ఊతం. ఈ రెండూ కలిస్తేనే చదువు.

కళ్ళెం వేసే పని తేలికగా ఉండాలంటే గుర్రం దూరంగా ఉండాలి. ఫోన్ బల్ల మీద పెట్టుకుని చూడకుండా ఉంటానని పంతం పట్టడం పౌరుషమే గాని వివేకం కాదు. ఆ గంటసేపు దాన్ని అమ్మ చేతికో, పక్కగది స్నేహితుడికో ఇవ్వండి.

ఊతం ఇచ్చే పనికి ఒక చోటు, ఒక వేళ కావాలి. రోజూ అదే కుర్చీ, అదే వేళ. 'ఖాళీ దొరికినప్పుడు చదువుతాను' అనేవాడికి ఖాళీ దొరకదు. 'టీ తాగిన వెంటనే చదువుతాను' అనేవాడు రోజూ టీ తాగుతాడు కనుక రోజూ చదువుతాడు. నా అనుభవంలో ఇదే అసలైన గంట. మీరు ఎలాగూ రోజూ చేసే ఒక పనికి చదువును ముడివేయండి.

పుస్తకం మూసి చదవడం

చాలామంది చదువుతున్నామనుకుని చేసేది చదువు కాదు. అదే పేజీ మళ్ళీ మళ్ళీ కళ్ళతో తిప్పుతారు, రంగు పెన్నుతో గీతలు గీస్తారు. కనబడిన వాక్యం తెలిసినట్టే ఉంటుంది. అది తెలియడం కాదు, పరిచయం మాత్రమే. రోజూ బజారులో కనబడే మనిషి ముఖం తెలుసు గాని, పేరు చెప్పమంటే చెప్పలేం.

జర్మన్ శాస్త్రజ్ఞుడు ఎబ్బింగ్‌హౌస్ 1885లో తన జ్ఞాపకశక్తి మీద తానే చేసుకున్న ప్రయోగాలు అచ్చువేశాడు. అర్థంలేని అక్షరాల ముక్కలు కంఠస్థం చేసి, కొంత వ్యవధి తర్వాత మళ్ళీ నేర్చుకోవడానికి ఎంత శ్రమ పడుతుందో లెక్కించాడు. గంట గడిచేసరికే మొదటి శ్రమలో సగానికి పైగా వృథా అయింది. ఒక రోజు తర్వాత మూడోవంతు మిగిలింది. నెల తర్వాత ఐదోవంతు. అర్థమున్న పాఠం ఇంత త్వరగా పోదు గాని, తీరు అదే. మరపు మొదటి రోజే ఎక్కువ. కనుక ఉదయం విన్న క్లాసును ఆ సాయంత్రమే పావుగంట చూసుకోవడం, పరీక్షముందు రాత్రి మూడు గంటలు కూర్చోవడం కంటే మేలు.

అమెరికాలో రోడిగర్, కార్పిక్ అనే ఇద్దరు మనోవిజ్ఞానులు 2006లో ఒక ప్రయోగం ప్రకటించారు. కాలేజీ విద్యార్థులకు చిన్న పాఠాలిచ్చి, కొన్నిటిని రెండుసార్లు చదివించారు. మిగిలినవాటిని ఒకసారి చదివించి, తర్వాత కాగితం మూసి గుర్తున్నది రాయమన్నారు. ఐదు నిమిషాల తర్వాత చూస్తే రెండుసార్లు చదివిన పాఠమే బాగా వచ్చింది, 75కు 81 శాతం. వారం తర్వాత చూస్తే తారుమారైంది. రెండుసార్లు చదివిన పాఠంలో 42 శాతం గుర్తుంటే, ఒకసారి చదివి చూడకుండా రాసిన పాఠంలో 56 శాతం గుర్తుంది. గుర్తుచేసుకోవడానికి పడిన ఆ కష్టమే జ్ఞాపకాన్ని గట్టిపరిచింది.

ఇందులో నాకు నీతి కూడా కనబడుతుంది. పుస్తకం మూసి తెల్లకాగితం ముందు కూర్చున్నప్పుడు మనకేమీ రాదని తెలుస్తుంది. ఆ క్షణం చేదుగా ఉంటుంది. ఆ చేదు తప్పించుకోవడానికే మళ్ళీ పుస్తకం తెరుస్తాం. నాకు తెలియదని నాకు నేను ఒప్పుకోవడం వినయం, ఒప్పుకున్నాక వెతుక్కోవడం శ్రద్ధ. సగం చదువు ఆ తెల్లకాగితం దగ్గరే ఉంది. పక్కవాడి రికార్డు చూసి ఎక్కించేవాడు, పరీక్షముందు ఇంపార్టెంట్ ప్రశ్నలు మాత్రమే బట్టీపట్టేవాడు ఆ కాగితం ముందు ఎన్నడూ కూర్చోడు. అతనికి మార్కులు రావచ్చు. కాని రేపు అతను కట్టిన వంతెన మీద, అతను రాసిన మందుచీటీ మీద ఇంకొకరి ప్రాణం ఆధారపడుతుంది. చదువు సొంత విషయం అనుకుంటాం గాని, దాని వల్ల బాగుపడేదీ చెడిపోయేదీ పొరుగువాడు.

తెలుగు మాధ్యమంలో పదోతరగతి దాకా చదివి ఇంగ్లీషు పుస్తకాల్లో పడ్డ పిల్లలకు ఒక మాట. ఒక పేజీకి అరగంట పట్టినా బెంగపడకండి. గురువిద్యాలయంలో మొదటి ఏడు నాకూ అంతే పట్టేది, పక్కన నిఘంటువు ఉండేది. అక్వీనాస్ గారు భారీ మనిషి, మితభాషి. తోటి విద్యార్థులు ఆయన్ను మందమతి అనుకుని 'మూగ ఎద్దు' అని ఎగతాళి చేశారట. మెల్లగా నడిచే ఎద్దులే పొలం దున్నుతాయి.

సెంట్రింగ్ ఎందుకు?

ఇంతదాకా విని మీలో కొందరు అడగవచ్చు. 'అయితే గంట కొట్టడమే తప్పా? చిన్నప్పుడు క్రమశిక్షణ పెట్టకపోతే పిల్లలు ఎలా బాగుపడతారు?' న్యాయమైన ప్రశ్న. అరిస్టాటిల్ కూడా చిన్నతనం నుంచే మంచి అలవాట్లు చేయించాలని, దానివల్ల కలిగే తేడా ఇంతా అంతా కాదని అన్నాడు.

దీనికి జవాబు నా పుస్తకాల్లోంచి రాలేదు, ఆ రోజు నిలబడే ఉన్న తండ్రి నోటినుంచి వచ్చింది. నేను కొడుకుతో ఈ మాటలన్నీ చెబుతుంటే ఆయన మధ్యలో అందుకున్నాడు. "మా పనిలో ఇంతేనండి ఫాదర్ గారూ. సెంట్రింగ్ లేకుండా స్లాబు వేయలేం. అలాగని సెంట్రింగ్ ఎప్పటికీ ఉంచలేం. రెండు మూడు వారాలకు ఊడదీస్తాం. అప్పుడు స్లాబు కూలిందంటే లోపల మాలు గట్టిపడలేదన్నమాట. మాలు గట్టిపడాలంటే పైన గట్లు కట్టి రోజూ నీళ్ళు పెట్టాలి. సెంట్రింగ్ ఎంత గట్టిగా బిగించినా, నీళ్ళు పెట్టకపోతే స్లాబు నిలవదండి."

నేను విన్న ప్రసంగాల్లో ఇంత మంచిది అరుదు. గంట, హాస్టలు, వార్డెను, తండ్రి కోపం ఇవన్నీ సెంట్రింగ్. అవసరమే. కాని అవి ఏదో ఒకరోజు ఊడదీయడానికే ఉన్నాయి. ఆ రోజు కోసం లోపల ఏమైనా గట్టిపడుతోందా అని మనం చూశామా? తల్లిదండ్రులారా, పిల్లవాడు ఇంటర్ చదివే రోజుల్లోనే వారానికి ఒక పూట, 'ఈ పూట నీ ఇష్టం, ఏం చదువుతావో నువ్వే నిర్ణయించుకో' అని వదిలిచూడండి. మొదట పాడుచేసుకుంటాడు. పాడుచేసుకోనివ్వండి. ఇంట్లో పాడైన ఒక పూట, కాలేజీలో పాడయ్యే ఒక సంవత్సరం కంటే చవక.

తప్పిన రోజు

చివరిగా, మొదలుపెట్టి మధ్యలో తప్పేవారి సంగతి. ఇరవై ఒక్క రోజులు చేస్తే ఏ అలవాటైనా పడుతుందని చాలామంది చెబుతారు. లండన్‌లోని యూనివర్సిటీ కాలేజీ పరిశోధకులు 96 మందిని గమనించి 2010లో ఫలితాలు ప్రకటించారు. అలవాటు స్థిరపడడానికి ఒకరికి 18 రోజులు సరిపోతే, మరొకరికి 254 రోజులు పట్టవచ్చని అంచనా కట్టారు. మధ్యస్థంగా 66 రోజులు. ఒక రోజు తప్పినంత మాత్రాన చేసినదంతా పోలేదని కూడా వారు గమనించారు. కనుక ఇరవై రెండో రోజున బద్ధకం వేస్తే మీలో లోపముందని అనుకోకండి. తప్పిన రోజు ప్రమాదం కాదు. 'ఎలాగూ తప్పింది కదా' అని మరుసటి రోజు కూడా వదిలేయడం ప్రమాదం.

అక్వీనాస్ గారు ఇక్కడా ఒక పోలిక చెప్పారు. తిన్న ప్రతి ముద్దకూ ఒళ్ళు పెరగదు, పడ్డ ప్రతి చుక్కకూ రాయి అరగదు. ముద్దలు, చుక్కలు కూడగా కూడగా ఒకనాటికి ఆ మార్పు వస్తుంది. అయితే ఉన్న శక్తికంటే తక్కువగా, అరమనసుతో చేసే పని ఆ శక్తిని పెంచకపోగా తగ్గడానికి దారి తీస్తుందని కూడా అన్నారు. అరగంట చదివినా పూర్తి మనసుతో చదవమనడం అందుకే. మూడు గంటలు పుస్తకం ముందు కునికిపాట్లు పడేవాడు చదవడం కాదు, కునకడం అభ్యాసం చేస్తున్నాడు.

ఆ అబ్బాయి మళ్ళీ కాలేజీకి వెళ్తున్నాడు. సాయంత్రం బస్సు దిగి, టీ తాగి, ఫోన్ తల్లి చేతికిచ్చి నలభై నిమిషాలు కూర్చుంటున్నాడు. పోయిన ఐదింటిలో మూడు గట్టెక్కాయి, రెండు ఇంకా ఉన్నాయి. గొప్ప విజయమని నేననను. మొన్న గుడి దగ్గర కనబడితే, "ఎవరు లేపుతున్నార్రా ఇప్పుడు?" అని అడిగాను. నవ్వి, "ఎవరూ లేపడం లేదు ఫాదర్. ఒక్కోరోజు నేనూ లేవడం లేదు. కాని మర్నాడు లేస్తున్నాను" అన్నాడు.

నాకు ఆ జవాబు చాలు. లోపల మాలు గట్టిపడుతోంది. రోజూ నీళ్ళు పెట్టాల్సింది వాడే.